రిలీఫ్‌ని తెలుగులో పెట్టడం ఎలా? హమ్మయ్య నుంచి అమరావతి రాళ్ల దాకా

విజయవాడలో కోర్టుల దగ్గర ఒక డీటీపీ షాపులో కూర్చుని కాగితాలు అనువాదం చేసే పని కొన్నేళ్లు చేశాను. కొత్తలో ఒక దావా కాగితంలో ‘ఇంటరిమ్ రిలీఫ్’ అనే మాట తగిలింది. ఇంటరిమ్ అంటే తాత్కాలికం. రిలీఫ్‌కి ఆ క్షణాన చేతికందిన మాట ‘పరిహారం’. ‘తాత్కాలిక పరిహారం’ అని టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చేశాను. అది పొలం గట్టు తగాదా. పక్క చేనువాళ్లు గట్టు చెరిపేయకుండా ఆపమని కోర్టును అడగడానికి గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నేనిచ్చిన కాగితం రెండుసార్లు చదువుకుని, కళ్లద్దాలు తీసి, “తాత్కాలికంగా ఎంతొచ్చిద్దబ్బాయ్?” అన్నారు.

“ఏమీ రాదు బాబాయ్, అది డబ్బు కాదు” అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అప్పటి నుంచి రిలీఫ్ కనబడితే చాలు, వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి.

డిక్షనరీ తీస్తే ఉపశమనం, ఊరట, సహాయం, విముక్తి, పరిహారం, ఉబ్బెత్తు శిల్పం అని వరసగా ఇస్తుంది. ఏది ఎక్కడ వాడాలో చెప్పదు. దాంతో చాలామంది ‘ఉపశమనం’ పట్టుకుని అన్నిచోట్లా అదే రుద్దుతారు. వరద బాధితుడికీ ఉపశమనమే, బదిలీ అయిన గుమస్తాకీ ఉపశమనమే. నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న వరస ఇక్కడ పెడుతున్నాను. ఇంగ్లిషు నుంచి తెలుగు చేసేవాళ్లకు ఎక్కువగా, తెలుగులో ఆలోచించి ఇంగ్లిషు రాసేవాళ్లకు కొంత పనికొస్తుంది.

మొదటి మెట్టు: బరువు ఎక్కడుందో వెతకండి

ఈ మాటకు వేరు లాటిన్‌లో ఉంది. ‘లెవిస్’ అంటే తేలికైనది, ‘లెవారే’ అంటే పైకెత్తడం. దానికి ముందు ‘రె’ చేరి ‘రెలెవారే’ అయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి రిలీఫ్‌గా స్థిరపడింది. ఎలివేటర్, మీటకు చెప్పే లివర్, మన బిల్డర్లు ఇంటి ముఖానికి చెప్పే ‘ఎలివేషన్’ అన్నీ ఆ ఇంటి పిల్లలే.

పైకెత్తడం అన్నాక రెండు దారులున్నాయి. మనిషి మీద ఉన్న బరువును ఎత్తి దించితే ఒకటి. చదునైన రాయి మీద బొమ్మను పైకి లేపితే రెండోది. మనసు, మందు, కోర్టు, వరద, ఆఫీసు, పన్ను అన్నీ మొదటి దారిలో వస్తాయి. శిల్పం, భూగోళం, అచ్చు రెండో దారిలో వస్తాయి. మీ వాక్యం ఏ దారిలోదో ముందు తేల్చుకోండి.

మొదటి దారి అయితే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బరువేమిటి? పూర్తిగా దిగిందా, కాస్త తేలికయిందా? దానంతట అదే దిగిందా, ఎవరైనా దయతలచి దించారా, హక్కుగా అడిగి దించుకున్నారా? ఈ మూడో ప్రశ్నను ఎవరూ వేసుకోరు. నేనూ వేసుకోలేదు, అందుకే బాబాయ్ దగ్గర దొరికిపోయాను.

ఇంకో సంగతి. ఇంగ్లిషు మాటలో ఉన్న బొమ్మ బరువుది. తెలుగు మాటల్లో బొమ్మలు వేరు. ఉపశమనంలో ఉన్నది శమించడం, అంటే మంట చల్లారడం. కాబట్టి నొప్పికి, దురదకు, కోపానికి, ఎండకు అది చక్కగా అతుకుతుంది. ఊరటలో ఏడుస్తున్న పిల్లను ఊరడించే చెయ్యి ఉంది. గట్టెక్కడంలో ఏరుంది. వెసులుబాటులో బిగించిన కట్టు కాస్త వదులవడం ఉంది. తెరిపిలో వాన ఉంది. బొమ్మ కుదిరితే మాట కుదిరినట్టే. మంట లేనిచోట ఉపశమనం, ఏరు లేనిచోట గట్టు పెడితేనే అనువాదం కంపు కొడుతుంది.

ఆ తెరిపి అనే మాటను మనం దాదాపు పోగొట్టుకున్నాం. ‘ఎడతెరిపి లేని వాన’ అని రోజూ పేపర్లో చదువుతాం గానీ, లేనిదేదో చెప్పడానికి తప్ప ఉన్నదాన్ని చెప్పడానికి దాన్ని వాడం. మా అమ్మమ్మ మాత్రం వానకే కాదు, పనులకూ వాడేది. “పెళ్లివారు వెళ్లాక కాస్త తెరిపిన పడ్డాను” అనేది. దీనికి ఇంగ్లిషులో రిలీఫ్ కన్నా దగ్గరి మాట నాకు తట్టదు.

రెండో మెట్టు: మనసు తేలికైనప్పుడు

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. బయాప్సీ రిపోర్టులో ఏమీ లేదన్నారు. పిల్ల హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి బస్సు దిగి ఫోన్ చేసింది. ఇంగ్లిషువాడు ‘వాట్ ఎ రిలీఫ్!’ అంటాడు. మనం ‘ఎంత ఊరట!’ అని ఏ జన్మలోనూ అనం. హమ్మయ్య అంటాం. అమ్మయ్య అంటాం. ఇంకాస్త పెద్ద గండమైతే ‘బతికిపోయాం’ అంటాం. మంచి కబురు ఎవరైనా తెస్తే ‘నెత్తిన పాలు పోశావురా’ అంటాం. కథలో, సంభాషణలో ఈ మాట వస్తే డిక్షనరీ మూసెయ్యండి, నోటితో పలికి చూడండి.

‘సై ఆఫ్ రిలీఫ్’ దగ్గర పెద్ద గుంట ఉంది. ‘సై’ అంటే నిట్టూర్పు అని చదువుకున్నాం కదా, ‘ఉపశమనపు నిట్టూర్పు విడిచాడు’ అని రాసేస్తారు. తెలుగులో నిట్టూర్పు దిగులుది. సంతోషంగా ఎవరూ నిట్టూర్చరు. మన మాట ‘ఊపిరి పీల్చుకున్నాడు’. గమనించారా, ఇంగ్లిషువాడు ఊపిరి వదిలితే మనం పీల్చుకుంటాం. అంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నది మనమే అన్నమాట. వాక్యం మార్చేటప్పుడు గాలి దిశ కూడా మార్చాలి.

బరువు పూర్తిగా దిగితే ‘గుండెల మీంచి బండ దించినట్టయింది’. సగమే దిగితే ‘మనసు కాస్త కుదుటపడింది’, ‘స్తిమితపడింది’, ‘నిమ్మళించింది’. కుదుటపడినవాడికి ఇంకా కొంచెం టెన్షన్ మిగిలి ఉంటుంది. బతికిపోయినవాడికి ఉండదు. ఇంగ్లిషులో ‘సమ్ రిలీఫ్’, ‘గ్రేట్ రిలీఫ్’ అని విశేషణంతో చెప్పే తేడాను మనం క్రియ మార్చి చెబుతాం. ‘కొంత ఉపశమనం’, ‘గొప్ప ఉపశమనం’ అని విశేషణాలు మోసుకు రానక్కర్లేదు.

‘కామిక్ రిలీఫ్’ కూడా ఈ మెట్టు మీదదే. ‘హాస్య ఉపశమనం’ అని ఒక వ్యాసంలో చదివి నవ్వొచ్చింది, అదొక్కటే అందులో హాస్యం. బరువైన కథ మధ్యలో కాస్త నవ్వించి ప్రేక్షకుడికి తెరిపినివ్వడం మనకు కొత్త కాదు. సంస్కృత నాటకంలో విదూషకుడున్నాడు. మన తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం ఆపి మరీ కేతిగాడు, బంగారక్క తెర మీదికొస్తారు. పాఠకుడికి అర్థమవుతుందనుకుంటే ‘కేతిగాడి వేషం’ అని రాయండి. లేదంటే ‘ఆటవిడుపు’ చాలు.

మూడో మెట్టు: ఒంటి బాధ

ఉపశమనానికి అసలైన ఇల్లు ఇదే. ‘పెయిన్ రిలీఫ్’కి నొప్పి ఉపశమనం. మాట్లాడేటప్పుడైతే ‘నొప్పి తగ్గింది’. అయితే తెలుగు ‘తగ్గింది’లో ఒక మెలిక ఉంది. ‘జ్వరం తగ్గింది’ అంటే పూర్తిగా పోయిందనీ అనుకోవచ్చు, నూట మూడు నుంచి నూట ఒకటికి వచ్చిందనీ అనుకోవచ్చు. ఇంగ్లిషులో రిలీఫ్ వేరు, క్యూర్ వేరు. మొదటిది బాధ తగ్గడం, రెండోది జబ్బు నయమవడం. పారాసెటమాల్ జ్వరాన్ని దించుతుంది, జ్వరం తెచ్చిన జబ్బును కాదు. మందుల కాగితం అనువదించేటప్పుడు ఈ గీత చెరగకూడదు. రిలీఫ్ ఉన్నచోట ‘నయమవుతుంది’ అని రాస్తే చదివినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసే ప్రమాదముంది.

ఆస్తమా వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఇన్‌హేలర్లలో ‘రిలీవర్’ అని ఒక రకం, ‘ప్రివెంటర్’ లేదా ‘కంట్రోలర్’ అని ఇంకో రకం ఉంటాయి. సాల్బుటమాల్ లాంటి రిలీవర్ బిగుసుకున్న గాలి గొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది. స్టెరాయిడ్ ఉండే ప్రివెంటర్ లోపలి వాపును నెమ్మదిగా అదుపులో పెడుతుంది, డాక్టరు చెప్పినంతకాలం రోజూ పీల్చాలి. పీల్చగానే తేడా తెలియదు కాబట్టి ‘ఇది పనిచేయట్లేదు’ అని రెండోది పక్కన పడేసి, మొదటిదే పదేపదే పీల్చేవాళ్లుంటారు. తెలుగు కరపత్రంలో రెంటినీ ‘ఉపశమన మందు’ అని రాస్తే ఆ తప్పులో మన చెయ్యి కూడా ఉన్నట్టే. ‘ఆయాసం వచ్చినప్పుడు వాడేది’, ‘ఆయాసం రాకుండా రోజూ వాడేది’ అని విడమర్చి రాయడమే మేలు.

నయంకాని జబ్బులో బాధ తగ్గించే ‘పాలియేటివ్ కేర్’ని ఉపశమన చికిత్స అంటున్నారు. బాగా కుదిరిన మాట. దాన్ని కదపొద్దు.

నాలుగో మెట్టు: ఆఫీసులో ‘రిలీవ్’

ఈ మాట ఆఫీసులో తెలుగయిపోయింది. “మీరెప్పుడు రిలీవ్ అవుతున్నారండీ?” “పై ఆఫీసు రిలీవ్ చేయట్లేదండీ, నా ప్లేసులోకి మనిషి రావాలంట.” దీన్ని ‘విధుల నుంచి విముక్తి’ అని రాస్తే ఆ ఉద్యోగి జైల్లోంచి వచ్చినట్టుంటుంది. ప్రభుత్వ కాగితమైతే తప్పదు. మామూలు రాతలో ‘రిలీవ్ అయ్యాడు’ అనే రాయండి, ఏ తెలుగు తల్లీ కోప్పడదు.

ఇక్కడ బరువంటే బాధ్యత. అందుకే రిలీవ్ అవడంలో అప్పగింత ఉంటుంది. బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, పెండింగ్ ఫైళ్లు ఇంకొకరి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటేనే భారం దిగినట్టు. రిలీవింగ్ ఆర్డరులో తేదీ పక్కన మధ్యాహ్నం అని, కొత్తచోట జాయినింగ్ రిపోర్టులో ఉదయం అని రాసుకోవడం సర్కారీ ఉద్యోగులకు తెలిసిందే. మధ్యలో రోజులు మిగిలితే వాటి లెక్క వేరే తేలాలి.

షిఫ్టు పనుల్లో ‘రిలీవర్’ ఉంటాడు. విజయవాడ జంక్షన్‌లో పనిచేసే రైల్వేవాళ్లున్న ఇళ్లలో ఈ మాట వంటింట్లో కూడా వినబడుతుంది. “రిలీవర్ రాలేదు, అన్నం మూత పెట్టి పడుకో” అని ఫోన్ వస్తుంది. నర్సులకూ, అపార్టుమెంటు వాచ్‌మన్‌లకూ అంతే. ‘బదులు మనిషి’ అనొచ్చు గానీ బదులు మనిషి సెలవు రోజున కూడా వస్తాడు. షిఫ్టు ముగిసినవాడి చేతిలోంచి పని అందుకునేవాడు రిలీవర్. ఈ తేడా ఉన్నంతకాలం ఆ మాటా ఉంటుంది.

పత్రికా వార్తలు అనువదించేవాళ్లు ఒక ఛాయ కనిపెట్టుకోవాలి. ‘రిలీవ్డ్ ఆఫ్ హిజ్ పోస్ట్’ అని ఒక పెద్ద అధికారి గురించి వస్తే అది చాలాసార్లు మర్యాదగా పీకెయ్యడమే. తెలుగులో దానికి ‘బాధ్యతల నుంచి తప్పించారు’ ఉంది. ‘తొలగించారు’ అంటే మాట ముదురుతుంది, అలా రాయాలంటే కాగితంలో ఆ మాటే ఉండాలి. ‘రిలీవ్ అయ్యారు’ అంటే మామూలు బదిలీలా తేలిపోతుంది. దొంగ జేబు కొట్టేస్తే కూడా ‘రిలీవ్డ్ హిమ్ ఆఫ్ హిజ్ పర్స్’ అని ఇంగ్లిషులో ఎగతాళిగా రాస్తారు. మనం ‘పర్సు బరువు దించాడు’ అంటే సరిగ్గా సరిపోతుంది, వెటకారంతో సహా.

మా బంధువొకాయన గుంటూరు నుంచి విజయవాడ బదిలీ మీద వస్తూ ఫ్యామిలీ గ్రూపులో ‘ఫైనల్లీ రిలీవ్డ్’ అని పెట్టారు. సరిగ్గా అంతకుముందు మెసేజీ ఆయన అత్తగారు ఊరెళ్లడానికి బస్సెక్కిన కబురు. తర్వాత జరిగింది ఆయనే చెప్పుకోవాలి.

ఐదో మెట్టు: కోర్టు కాగితం

ఇక్కడ రిలీఫ్ అంటే ఫలానా పని చేయించమనో ఆపించమనో కోర్టును అడిగేది. హక్కుగా అడిగేది, దానం కాదు. అందుకే ‘సహాయం’ పనికిరాదు. ‘పరిహారం’ డబ్బును గుర్తు చేస్తుంది. కోర్టు ఇచ్చే రిలీఫ్‌లలో నష్టపరిహారం ఒకటి మాత్రమే. 1877 నాటి పాత చట్టం స్థానంలో 1963లో వచ్చిన స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ చూస్తే సంగతి తెలుస్తుంది. పోయిన స్వాధీనం తిరిగి ఇప్పించడం, ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించడం, దస్తావేజు రద్దు చేయడం, హక్కు ఎవరిదో ప్రకటించడం, ఫలానా పని చేయొద్దని ఆపే ఇంజంక్షన్ ఇవ్వడం లాంటివి అందులో ఉన్నాయి. మా బాబాయ్ గట్టు కథ ఈ చివరిదాని కిందికి వస్తుంది. నేను రాయాల్సింది, మంట లేకపోయినా కోర్టు భాషలో స్థిరపడిపోయిన ‘మధ్యంతర ఉపశమనం’. ఇంకా తేలికగా అర్థం కావాలంటే ‘దావా తేలేలోపు కోరుతున్న మధ్యంతర ఉత్తర్వు’. మాటల సంఖ్య పెరిగింది గానీ ఎవరూ ఎంతొస్తుందని అడగరు.

ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదనడానికి గట్టి కారణముంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 7వ రూలు ప్రకారం వాది తనకేం రిలీఫ్ కావాలో దావాలో స్పష్టంగా చెప్పాలి. 2వ ఆర్డరు 2వ రూలు ఇంకా కఠినం. ఒకే వ్యాజ్య కారణం, అంటే దావాకు మూలమైన తగువు మీద రెండు మూడు రిలీఫ్‌లు అడిగే వీలుండి, కోర్టు అనుమతి లేకుండా ఒకటి వదిలేస్తే, వదిలేసినదాని కోసం మళ్లీ దావా వేయలేరు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 34వ సెక్షనులోనూ ఇలాంటి మెలికే ఉంది. పొలం నాదని ప్రకటించమని మాత్రమే అడిగి, స్వాధీనం లాంటి తదుపరి రిలీఫ్ అడగగలిగి ఉండీ అడగకపోతే, ఆ ప్రకటన కూడా ఇవ్వరు. కాబట్టి ఇంగ్లిషు దావాలో ‘రిలీఫ్స్’ అని బహువచనం ఉంటే తెలుగులో ‘ఉపశమనాలు’ అని బహువచనమే పెట్టి, ఒక్కోదానికీ ఇంగ్లిషు కాగితంలో ముందున్న (ఎ), (బి) లాంటి వరస అక్షరమే తగిలించండి. రెంటిని కలిపి ఒక వాక్యం చేయడం కథకుడికి అందం, అనువాదకుడికి ముప్పు. చివరి మాట వకీలుగారిది, చూపించకుండా ఇవ్వకండి.

పేపర్లు దీన్నంతా ‘హైకోర్టులో ఊరట’ అనే ఒక్క శీర్షికలో ముడేస్తాయి. ముందస్తు బెయిలు వచ్చినా ఊరటే, స్టే వచ్చినా ఊరటే, విచారణ వాయిదా పడినా ఊరటే. శీర్షికకు చోటు తక్కువ కాబట్టి పోనిద్దాం. లోపలి వార్తలో మాత్రం ఏ ఊరటో రాయాలి. రాయని వార్తలు రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆరో మెట్టు: వరద, కరువు

2024 ఆగస్టు ఆఖరి రాత్రి, సెప్టెంబరు మొదటి రోజు విజయవాడ వాళ్లెవరూ మరిచిపోరు. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా షాపులో పనిచేసే కుర్రాడు సింగ్‌నగర్‌లో మేడ మీద ఇరుక్కుపోయి, ఫోన్లో చార్జింగ్ అయిపోయేలోపు ఒక్క మాట అన్నాడు: “వాన తెరిపిచ్చింది గానీ నీళ్లు తీయట్లేదన్నా.” ఆకాశం రిలీఫ్ ఇచ్చింది, ఏరు ఇవ్వలేదు. తెరిపి అనే మాటను కుర్రాళ్లు మరిచిపోయారని అంతకుముందు రోజు దాకా అనుకునేవాణ్ని.

ఆ వారంలో మూడు ఇంగ్లిషు మాటలు కలిసి తిరిగాయి. రెస్క్యూ, రిలీఫ్, రిహాబిలిటేషన్. పడవేసుకొచ్చి మేడ మీది మనిషిని దించడం రెస్క్యూ, మనకు రక్షణ లేదా కాపాడటం. పాలు, నీళ్లు, పులిహోర పొట్లాలు, మందులు అందించడం రిలీఫ్, అంటే సహాయం. అప్పుడు డ్రోన్లతో కూడా ఆహారం అందించారు, అదీ రిలీఫే. నీళ్లు తీశాక ఇల్లు, బతుకుతెరువు మళ్లీ నిలబెట్టడం రిహాబిలిటేషన్, అంటే పునరావాసం. తమాషా ఏమిటంటే మనం ‘రిలీఫ్ క్యాంప్’ని పునరావాస కేంద్రం అంటున్నాం. నాలుగు రోజులు బడిలో చాపేసుకుని పడుకున్నవాళ్లకు అది పునరావాసం ఎలా అవుతుంది? ‘సహాయ శిబిరం’ అనాలి. అయినా జనం నోట్లో పడిన మాటను మార్చడం నా వల్ల కాదు. వార్త రాసేటప్పుడు పాత మాటే వాడుతూ, నివేదిక అనువదించేటప్పుడు మాత్రం విడదీస్తాను.

నిధుల పేర్లలో రిలీఫ్ అంటే సహాయమే. 1948లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, ఆసుపత్రి బిల్లుల కోసం జనం దరఖాస్తు పెట్టే ముఖ్యమంత్రి సహాయ నిధి. రాష్ట్రాలకు ఒకప్పుడు కలామిటీ రిలీఫ్ ఫండ్ ఉండేది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం వచ్చాక, 2010లో దాని స్థానంలో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి వచ్చింది. పేరులో రిలీఫ్ పోయి ‘రెస్పాన్స్’ చేరింది. పాత జీవోలు అనువదించేవాళ్లు రెంటినీ ఒకటే అనుకుని కలపొద్దు.

కరువు రోజుల్లో ‘రిలీఫ్ వర్క్స్’ ఉండేవి. కూలి ఇచ్చి చెరువులు, కాలవలు, రోడ్లు పనులు చేయించడం. తెలుగులో వాటి పేరు ‘కరువు పనులు’. గుంటూరు సీమ 1832-33 నాటి నందన కరువులో చితికిపోయింది. ఆ తర్వాతే 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట వచ్చింది. ఇప్పటికీ పల్లెల్లో ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్లు ‘కరువు పనికి పోతున్నా’ అంటారు. చట్టం పేరులో కరువు లేకపోయినా, జనం నోట్లో రిలీఫ్ వర్క్ అలా బతికే ఉంది.

ఏడో మెట్టు: డబ్బు లెక్క

దీన్ని తొందరగా దాటేద్దాం. ఉద్యోగికి ఇచ్చేది డియర్‌నెస్ అలవెన్స్, అంటే డీఏ, మన కరువు భత్యం. పింఛనుదారుకు అదే తీరులో ఇచ్చేది డియర్‌నెస్ రిలీఫ్, అంటే డీఆర్. రిటైరైనవాళ్ల గురించి రాస్తూ డీఏ అంటే పార్కు బెంచీ మీదున్న పెద్దలందరూ దిద్దుతారు. పన్నుల్లో ఎగ్జెంప్షన్ మినహాయింపు, డిడక్షన్ తగ్గింపు, రిబేటు రాయితీ. రిలీఫ్ అంటే అన్యాయంగా పడిన అదనపు పన్ను బరువును సరిచేయడం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 89వ సెక్షను అలాంటిదే. పాత సంవత్సరాల జీతం బకాయిలు ఒకేసారి చేతికొచ్చి పన్ను శ్లాబు పెరిగిపోతే, ఆ తేడాను లెక్కగట్టి తగ్గించడానికి 10ఈ ఫారం పెట్టేవారు. దీనికి ‘పన్ను ఊరట’ పర్వాలేదు. ‘పన్ను మినహాయింపు’ తప్పు. అప్పుల విషయంలో ‘డెట్ రిలీఫ్’ మాఫీ కావచ్చు, వడ్డీ తగ్గింపు కావచ్చు, గడువు పెంపు కావచ్చు. కాగితం చదవకుండా ‘రుణమాఫీ’ అని రాసి రైతుల్లో ఆశలు పెట్టకండి.

ఎనిమిదో మెట్టు: రాయి, నేల, అచ్చు

ఇప్పుడు రెండో దారి. చదును మీద పైకి లేచినది. శిల్పశాస్త్రం దీన్ని ముందే మూడుగా విడగొట్టింది. చుట్టూ తిరిగి చూడగలిగే పూర్తి విగ్రహం చిత్రం, సగం పలకలోనే ఉండి సగం బయటికొచ్చేది అర్ధచిత్రం, గీసినది చిత్రాభాసం. ఇంగ్లిషువాడి రిలీఫ్ మన అర్ధచిత్రమే. వాడుకలో ‘ఉబ్బెత్తు శిల్పం’. కొద్దిగా లేస్తే బా-రిలీఫ్, బాగా లేస్తే హై-రిలీఫ్.

వీటిని అర్థం చేసుకోవడానికి మనకంటే మంచి చోటు దొరకదు. అమరావతి స్తూపం పలకలు పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన అర్ధచిత్రాలు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికొచ్చి చూశాడు. ఆ తర్వాత పలకలు చెదిరిపోయి, ఎక్కువభాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంకూ లండన్ బ్రిటిష్ మ్యూజియంకూ చేరాయి. మదపుటేనుగు నాళగిరి బుద్ధుడి ముందు లొంగిపోయే గుండ్రటి పలక చెన్నైలో ఉంది. ఒకే చట్రంలో ఒకవైపు ఏనుగు జనాన్ని తొక్కుతుంటుంది, ఇంకోవైపు మోకరిల్లుతుంది. వేలు వెడల్పు లోతులో అంత గందరగోళం, అంత నిమ్మళం రెండూ ఎలా పట్టాయో నాకిప్పటికీ అంతుపట్టదు. విజయవాడ నుంచి బ్యారేజీ దాటి ఉండవల్లి వెళ్తే కొండను తొలిచిన గుహలో అనంతశయనుడు ఉంటాడు. పక్కగా నిలబడి చూడండి, రాతి నుంచి విగ్రహం ఎంత బయటికొచ్చిందో తెలుస్తుంది.

భూగోళంలో రిలీఫ్ అంటే నేల ఎత్తుపల్లాలు. పాఠ్యపుస్తకం మాట ‘నిమ్నోన్నతాలు’. నిమ్నం పల్లం, ఉన్నతం ఎత్తు. నాకు ‘ఎత్తుపల్లాలు’ చాలనిపిస్తుంది. ‘రిలీఫ్ మ్యాప్’ అంటే ఇంద్రకీలాద్రి ఎత్తుగా, కృష్ణ పల్లంగా కనబడేలా చేసిన పటం.

అచ్చులోనూ ఉంది. బెజవాడ ప్రచురణలకు పెట్టింది పేరు కదా, సీసం అక్షరాలు పేర్చి పుస్తకాలేసిన కాలంలో వాళ్లు చేసినదంతా ‘రిలీఫ్ ప్రింటింగే’. అక్షరం పైకి లేచి ఉంటుంది, దానికే సిరా అంటుతుంది, పల్లం కాగితానికి తగలదు. పెడనలో కలంకారీ గుడ్డ మీద అద్దే చెక్క అచ్చుదీ ఇదే సూత్రం.

ఈ దారిలోంచే ఒక నుడికారం వచ్చింది. ఏదైనా ‘త్రోన్ ఇన్‌టు షార్ప్ రిలీఫ్’ అంటే వెనకనున్నదాని నుంచి విడివడి స్ఫుటంగా కనబడటం. తెలుగులో ‘కొట్టొచ్చినట్టు కనబడింది’. దీన్ని ‘పదునైన ఉపశమనంలోకి విసిరేయబడింది’ అని యంత్రం అనువదిస్తే నవ్వుకుని వదిలేయొచ్చు. మనిషి చేస్తే అడగాలి.

తొమ్మిదో మెట్టు: మీరే ఇంగ్లిషు రాస్తున్నప్పుడు

మా షాపుకొచ్చే రాజీనామా లేఖల్లో ఎక్కువగా దిద్దిన తప్పు ‘ప్లీజ్ రిలీఫ్ మీ’. రిలీఫ్ నామవాచకం, ఆఖర్న ఎఫ్. క్రియ ‘రిలీవ్’, ఆఖర్న వీ ఈ. బిలీఫ్-బిలీవ్, గ్రీఫ్-గ్రీవ్ కూడా ఇదే జత. కాబట్టి ‘ప్లీజ్ రిలీవ్ మీ ఫ్రమ్ మై డ్యూటీస్’. బరువు, పదవి, బాధ్యత దించేటప్పుడు ‘ఆఫ్’ కూడా వస్తుంది. స్పెల్లింగులో ఎల్ తర్వాత ఐ ముందు, ఈ వెనక.

మామూలుగా రిలీఫ్‌కి బహువచనం లేదు, ‘మెనీ రిలీఫ్స్’ అనరు. కోర్టు కాగితాలూ శిల్పాలూ మాత్రం మినహాయింపు. ‘ఇట్స్ ఎ రిలీఫ్’ అన్నప్పుడు ‘ఎ’ వస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక సంఘటన గురించి చెబుతున్నాం. ‘హమ్మయ్య, వాడు ఇంట్లోనే ఉన్నాడు’ అనాలంటే ‘టు మై రిలీఫ్’ అని మొదలుపెట్టి మిగతా వాక్యం రాయండి. ‘ఫర్ మై రిలీఫ్’ అంటే నా సహాయం కోసం అనే అర్థం తగులుతుంది.

డాక్టరుతో ‘ఐ యామ్ రిలీవ్డ్’ అంటే మనసు తేలికైందని. ఒళ్లు తేలికైందని చెప్పాలంటే ‘ది పెయిన్ ఈజ్ రిలీవ్డ్’ అనో ‘ఐ ఫీల్ బెటర్’ అనో అనాలి.

ఇప్పుడు కొన్ని వాక్యాలు ప్రయత్నించండి. ముందు బరువేమిటో వెతికి, తర్వాత నా జవాబు చూడండి.

‘ది కోర్ట్ గ్రాంటెడ్ నో రిలీఫ్.’ కోర్టు కోరిన ఉత్తర్వు ఇవ్వలేదు.

‘ది రెయిన్ బ్రాట్ రిలీఫ్ ఫ్రమ్ ది హీట్.’ రోహిణీ కార్తె ఎండకైతే, వాన పడి ఒళ్లు చల్లబడింది.

‘రిలీఫ్ ఈజ్ ఆన్ ది వే’ అని వరద మధ్యలో వినబడితే సాయం బయల్దేరింది. పన్నెండు గంటల డ్యూటీ చేసిన వాచ్‌మన్‌తో అంటే, నీ రిలీవర్ వస్తున్నాడు.

‘హి స్టాప్డ్ ది కార్ టు రిలీవ్ హిమ్‌సెల్ఫ్.’ ఒక కుర్ర అనువాదకుడు దీన్ని ‘తనను తాను ఊరడించుకోవడానికి కారు ఆపాడు’ అని తెచ్చాడు. హైవే మీద, తుమ్మచెట్టు చాటున, ఒంటికి వెళ్లడానికి ఆపాడు నాయనా.